ఆటస్థల మెచ్చట?

చదువనఁగా పుస్తకపఠనమే యను భావము మన కృష్ణాతీరమునకు సహజము కాదు. 1910లో మచిలీపట్టణమున కోపల్లె హనుమంతరావుగారు మున్నగువారు స్థాపించిన ఆంధ్ర జాతీయ కళాశాలలో శాస్త్రములతోపాటు చేతిపనులకును, కళలకును స్థానముండెను. అచటనే ప్రమోదకుమార చటర్జీగారి యొద్ద అడివి బాపిరాజుగారు చిత్రకళ నభ్యసించిరి.

నేడు బెజవాడలో అంతస్తులుగా లేచిన పాఠశాలలు పెక్కింటికి బంతి యాడుటకు జానెడు నేల లేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము ఆటస్థల ముండవలెనని విధించినది. చట్టమున్నది, అడుగువారు లేరు.

ర్యాంకుల ప్రకటనలు చూచి బిడ్డలను చేర్చు తల్లిదండ్రులారా! రుసుము చెల్లింపకముందే ఆటస్థల మెచ్చటనని యడుగుఁడు. సంగీతమునకు, చిత్రలేఖనమునకు వారమున కెన్ని గంటలని యడుగుఁడు. పదిమంది యడిగిననాఁడు గాని యాజమాన్యములు కదలవు.