ఆ గొట్టం బిగిస్తే తుపాకీ మూగబోతుందా?

ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ థియేటర్లలో చూసే యాక్షన్ సినిమాల్లో మామూలే... విలన్ పిస్తోలుకు ఓ గొట్టం బిగిస్తాడు, 'టప్' మంటుంది, పక్కగదికీ వినపడదు! బయటికొస్తే నారాయణగూడ వైపు సైలెన్సర్ పీకేసిన బైకు చెవులు చిల్లులు పడేలా దూసుకుపోతుంది. గ్రూప్స్‌కు చదువుకునే అశోక్‌నగర్ కుర్రాళ్లు తలలు పట్టుకుంటారు.

ఈ రెండు సైలెన్సర్లూ అన్నదమ్ములే. మెషీన్‌గన్ కనిపెట్టిన హైరమ్ మాక్సిమ్‌కు తుపాకుల మోతతోనే చెవుడొచ్చింది. ఆయన కొడుకు హైరమ్ పెర్సీ 1909లో తుపాకీ సైలెన్సర్‌కు పేటెంటు పొందాడు. ఇంజిన్లకూ సైలెన్సర్లు చేశాడు. గుండు వెనకే తన్నుకొచ్చే వేడి వాయువును అరల్లో తిప్పి, నెమ్మదిగా వదలడమే కిటుకు.

మరి వేట రైఫిలుకు అది దండగా? ఎవరికీ వినపడకూడదనుకుంటే దండగే. రైఫిల్ మోత సుమారు 160 డెసిబెల్స్. తగ్గేది 20 నుంచి 30. ధ్వనిని మించిన వేగంతో పోయే గుండు గాల్లో చేసే 'ఫట్' ఎలాగూ ఆగదు. చెవికి మాత్రం ఆ తగ్గుదల చిన్నది కాదు: 10 డెసిబెల్స్ తగ్గితే ధ్వనిశక్తి పదోవంతే! నార్వే, ఫిన్లాండ్ వేటగాళ్లు బిగించుకునేది అందుకే. దాన్ని బిగించినా చెవులకు రక్షణ పెట్టుకోవడమే మంచిది.

మనదగ్గరైతే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేటే నేరం. పంట పాడుచేసే అడవిపందిని కాల్చాలన్నా రాతపూర్వక అనుమతి ఉండాల్సిందే. బైకు మోతకూ శిక్ష ఉందండోయ్... 2019 సవరణతో 10,000 రూపాయల దాకా జరిమానా, మూడునెలల దాకా జైలు!