మూడో గొడుగు కింద ముత్తుకూరు మత్స్య కళాశాల

విశ్వవిద్యాలయం మారింది.. రొయ్య రైతుకు ఒరిగేదేమిటి?

ముత్తుకూరు: నెల్లూరు తీరంలో 1991లో నెలకొన్న మత్స్యశాస్త్ర కళాశాల ఇప్పటికి మూడు విశ్వవిద్యాలయాలను చూసింది. వ్యవసాయ విశ్వవిద్యాలయం నీడలో పుట్టి, 2005లో తిరుపతి కేంద్రంగా ఏర్పడిన శ్రీవేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయంలో చేరింది. అనంతరం 2020 నాటి చట్టంతో అవతరించిన ఆంధ్రప్రదేశ్ మత్స్య విశ్వవిద్యాలయంలో విలీనమైంది. దాని ప్రధాన కేంద్రానికి పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురంలో 2022 నవంబరులో శంకుస్థాపన జరిగింది.

పొరుగు రాష్ట్రాల బాటే

ఈ విలీనం వింతేమీ కాదు. కేరళ 2010లో, తమిళనాడు 2012లో మత్స్య విశ్వవిద్యాలయాలను నెలకొల్పాయి. పనంగాడ్ కళాశాల వ్యవసాయ విశ్వవిద్యాలయం నుంచి, తూత్తుకుడి కళాశాల పశువైద్య విశ్వవిద్యాలయం నుంచి వాటిలో చేరాయి. పశువైద్యమే ప్రధానమైన చోట మత్స్య శాఖ మాట వెనుకబడుతుందని, నిధులకైనా కొలువులకైనా సొంత గొడుగు మేలని విలీనాన్ని సమర్థించేవారి వాదన. అందులో న్యాయముంది.

దూరమే అసలు చిక్కు

అయితే తిరుపతికి పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు. నరసాపురం ప్రయాణం అంత సులువు కాదు. అధ్యాపకుల నియామకం, ప్రయోగశాలకు పరికరం, పరిశోధనకు అనుమతి వంటి ప్రతి దస్త్రమూ గోదావరి తీరానికి వెళ్లి రావాలంటే జాప్యం తప్పదు. పైగా రెండు ప్రాంతాల సాగు ఒకటి కాదు. గోదావరి జిల్లాల్లో మంచినీటి చేపల చెరువులు విస్తారం. ఇక్కడ కండలేరు క్రీకు, బకింగ్‌హామ్ కాలువ వెంబడి ఉప్పునీటి రొయ్యల గుంటలు ముఖ్యం. ఓడరేవు, థర్మల్ కేంద్రాల పక్కనే సాగు చేసే రైతుకు నీటి నాణ్యత ప్రాణసమానం.

మరిచిపోరాని పాఠం

1994-95లో వైరస్ తెగులు విరుచుకుపడి కోస్తాలోని రొయ్యల గుంటలను ఖాళీ చేసింది. 1996లో సుప్రీంకోర్టు తీర్పు తీరప్రాంత సాగును కుదిపివేసింది. 2009లో వనామీకి అనుమతి లభించాక సాగు తిరిగి ఊపందుకున్నా, తెల్లమచ్చ భయం వీడలేదు. రొయ్యలు గట్టు పక్కకు చేరి చనిపోతుంటే రైతు చేతిలో ఉండేది గంటలే. ఆ వేళ అతనికి తొలి సలహాదారు సాధారణంగా మేత, మందుల దుకాణదారుడు. అతని సలహా వెనుక అమ్మకం ఉంటుంది. అమ్మడానికి ఏమీ లేని సలహా కావాలంటే ప్రభుత్వ కళాశాలే దిక్కు.

అధికారం ఇక్కడ ఉండాలి

కనుక విలీనం ఫలితాన్ని బోర్డు మీది పేరుతో కాక, మూడు అంశాలతో కొలవాలి. వ్యాధి నిర్ధారణ ప్రయోగశాలకు కావలసిన ఖర్చును ముత్తుకూరులోనే మంజూరు చేసే అధికారం ఉండాలి. ఖాళీల భర్తీలో ప్రధాన కేంద్రంతో సమాన ప్రాధాన్యం దక్కాలి. విస్తరణ సేవలు కోట, వాకాడు, ఇందుకూరుపేట, విడవలూరు తీర గ్రామాల గట్ల దాకా చేరాలి. ఇవి జరిగితే మూడో గొడుగు నీడనిస్తుంది. లేకుంటే విద్యార్థి పట్టాపై ముద్ర మారుతుంది గానీ, రైతు గుంట కష్టం మారదు.