రెక్కల కంటె ముందు త్రాసు

స్వహస్తాలతో విమానాన్ని నిర్మించుకొని ఆకాశంలో ఎగరాలనే కోరిక కొందరికి వింతగా తోచవచ్చును. కాని విమాన చరిత్ర ఆరంభమైనదే ఆ కోరికతో. సైకిళ్ల దుకాణం నడుపుకొనే రైట్ సోదరులు తమ యంత్రాన్ని తామే తయారు చేసుకొన్నారు. నేటికీ అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్ వంటి దేశాలలో ఎందరో ఔత్సాహికులు ఇంటి షెడ్డులోనే కొయ్యతోను, అల్యూమినియం రేకులతోను, ఫైబర్‌తోను చిన్న విమానాలు కట్టుకొంటున్నారు. ఈ స్వేచ్ఛను హరించరాదు. అయితే అది నిలబడవలసినది ధైర్యం మీద కాదు, త్రాసు మీద అని నా అభిప్రాయం.

ఇట్టి విమానాలను గురించి తరచుగా వినిపించే ప్రశంస ఒకటి ఉన్నది: "వేలు తగిలితే చాలు, మాట వింటుంది" అని. వినుటకు ఇంపుగానే ఉన్నది. కాని ముక్కు పైకెత్తుట, కిందికి దించుట అనే కదలికలో, అనగా వైమానికులు పిచ్ అని పిలిచే దానిలో, ఈ సున్నితత్వం మితిమీరితే ప్రాణాంతకమవుతుంది. చురుకుదనం వేరు, నిలకడ వేరు. నిలకడ గల విమానం గాలి కుదుపుకు ముక్కు ఎత్తినను తనంతట తాను పూర్వస్థితికి వస్తుంది. నిలకడ లేనిది, ఎత్తిన ముక్కును ఇంకా ఎత్తుతుంది.

మీటరు బద్దను కత్తి అంచు మీద నిలిపి చూచిన ప్రతి విద్యార్థికీ దీని రహస్యం సగం తెలిసినదే. విమానం బరువంతా ఒక బిందువు వద్ద ఉన్నట్లు భావించవచ్చును. అది గురుత్వ కేంద్రం. ముక్కు కొంచెం లేచినప్పుడు రెక్కల మీద, తోక మీద అదనంగా కలిగే పైకెత్తు బలం మరొక బిందువు వద్ద పనిచేస్తుంది. అది తటస్థ బిందువు. మొదటిది రెండవదానికి ముందు ఉన్నంతవరకే నిలకడ. రెండూ దగ్గరైన కొద్దీ విమానం మరీ సున్నితమవుతుంది. గురుత్వ కేంద్రం వెనుకబడితే అదుపు తప్పుతుంది. అట్లని దానిని మరీ ముందుకు జరిపినా, దిగేటప్పుడు ముక్కు ఎత్తుటకు శక్తి చాలదు.

1903 డిసెంబర్ 17న రైట్ సోదరుల తొలి ప్రయాణం 12 సెకన్లలో 120 అడుగులు సాగినది. అంతసేపూ ఆ యంత్రం లేస్తూ, పడుతూ ఊగినది. దాని ముందున్న ఎలివేటర్ అతి సున్నితమైనది. యంత్రానికే నిలకడ లేదు. ఆ సోదరులను కాపాడినది ఏళ్ల తరబడి గ్లైడర్లపై చేసిన సాధన.

చిన్న విమానంలో ఈ ప్రమాదం ఎక్కువ. పొడవు తక్కువ, బరువు తక్కువ గనుక ముక్కు త్వరగా కదులుతుంది. పైలట్‌తో సహా 240 కిలోల విమానంలో, గురుత్వ కేంద్రానికి ఒక మీటరు వెనుక 10 కిలోల సంచి పెట్టినామనుకొందాం. ఆ కేంద్రం 4 సెంటీమీటర్లు వెనుకకు జరుగుతుంది. దానికీ తటస్థ బిందువుకూ మధ్య ఉన్నది 10 సెంటీమీటర్లే అయితే, రక్షణలో దాదాపు సగం ఒక్క సంచితో పోయినట్లే గదా! అప్పుడు పైలట్ చేయి సవరించబోయేసరికి ముక్కు ఇంకొక వైపు తిరిగి ఉంటుంది. ప్రతి సవరణ కొత్త ఊపుగా మారుతుంది. నేల దగ్గర ఆ ఊపును ఆపుకొనే వ్యవధి ఉండదు.

ఫ్రాన్స్ దేశీయుడు ఆంరి మిన్యే ఉదంతం ఇందుకు తార్కాణం. 1933లో ఆయన "పూ దు సియెల్", అనగా ఆకాశపు పేను అనదగిన చిన్న విమానాన్ని ఎగురవేసి, దానిని తయారుచేయు విధానాన్ని పుస్తకంగా ప్రచురించినాడు. కొద్దిగా వడ్రంగం తెలిసిన వారెవరైనా కట్టుకోవచ్చునని ఆయన ధీమా. 1935లో ఇంగ్లీషు అనువాదం వెలువడగా బ్రిటన్‌లో యువకులు ఉత్సాహంతో విరగబడినారు. తరువాత వరుసగా ప్రాణాంతక ప్రమాదాలు సంభవించినవి. 1936లో బ్రిటన్, ఫ్రాన్స్ దేశాలలో గాలి సొరంగంలో పరీక్షించగా లోపం బయటపడినది: ముక్కు బాగా కిందికి వాలిన తరువాత పైలట్ స్టిక్‌ను పూర్తిగా వెనుకకు లాగినను విమానం తేరుకోదు. ముందు రెక్కను ఎత్తిన కొద్దీ దానిని ఆనుకొని ఉన్న వెనుక రెక్కకు కూడా బలం పెరిగి, ముక్కు కిందనే ఉండిపోతుంది.

"నీమ్ హకీమ్ ఖత్రా-ఎ-జాన్" అని ఉర్దూలో సామెత. అరకొర వైద్యుడు ప్రాణాలకు ముప్పు. అయితే ఇక్కడ మరణించిన వారు అజ్ఞానులని నిందించుట న్యాయం కాదు. వారు పుస్తకాన్ని నమ్మినారు. పరీక్ష ముందు, ప్రచారం తరువాత జరుగవలసి ఉండగా, ఆ క్రమం తలక్రిందులైనది. దోషం అక్కడ ఉన్నది.

మన తేజస్ యుద్ధవిమానాన్ని కావాలనే నిలకడ తగ్గించి రూపొందించలేదా అని మీరు ప్రశ్నించవచ్చును. నిజమే. కాని అందులో కంప్యూటర్లు ప్రతి క్షణం సవరణలు చేస్తూ ఉంటాయి. ఇంట్లో కట్టుకొన్న చిన్న విమానంలో సామాన్యంగా ఉండేది మానవ హస్తం ఒక్కటే.

కనుక స్వయంగా విమానం కట్టుకొనువారు రంగులు వేయుటకు ముందే చక్రాల కింద త్రాసులు పెట్టాలి. పైలట్ కూర్చున్నప్పుడు, ఇంధనం నిండుగా ఉన్నప్పుడు, అయిపోవచ్చినప్పుడు, ప్రతి స్థితిలోను గురుత్వ కేంద్రాన్ని లెక్కకట్టాలి. నమూనాలో చిన్న మార్పు చేసినా మరల తూచాలి. అమెరికాలో ఇట్టి విమానాలకు మొదట సాధారణంగా 25 నుండి 40 గంటల పరీక్షా ప్రయాణాలు, అదీ నిర్ణీత ప్రాంతంలోనే, విధించే సంప్రదాయం ఉన్నది. దానిని ఆటంకంగా గాక ఆయుర్దాయంగా భావించాలి.

విద్యార్థి మిత్రులారా! విజ్ఞానం సాహసానికి శత్రువు కాదు. అది సాహసిని సురక్షితంగా ఇల్లు చేర్చే నేస్తం. తూచి ఎగిరినవాడే మరునాడు కూడా ఎగరగలడు.