వేడి చేసిందని ఊరుకోకండి

మూత్రానికి వెళ్ళినప్పుడు మంట, మాటిమాటికీ వెళ్ళాలనిపించటం, తీరా వెళితే నాలుగు చుక్కలు రావటం, పొత్తికడుపులో నొప్పి. ఈ బాధ ఎరగని ఆడవారు తక్కువ. దాదాపు సగంమంది స్త్రీలు జీవితంలో ఒక్కసారయినా దీని పాలబడతారు. మన ఇళ్ళలో దీనికి ఒకటే పేరు: “వేడి చేసింది.” పేరు పెట్టగానే వైద్యం కూడా సిద్ధం. అత్తగారు ధనియాలు నానవేస్తారు. పక్కింటి పిన్నిగారు సబ్జాగింజలు పంపుతారు. కోడలు బార్లీ కాస్తుంది. రెండు రోజులకు తగ్గితే ధనియాలకు పేరు వస్తుంది. నెల తిరక్కుండా మళ్ళీ వస్తే, పాపం, ఆవకాయకు నింద వస్తుంది!

ఇందులో నిజమెంతో, భ్రమ ఎంతో ఇంటి ఇల్లాలు తెలుసుకోవటం అవసరం.

ఎండాకాలంలో నీళ్ళు చాలక మూత్రం చిక్కబడి, పచ్చగా మారి, కాస్త చురుక్కుమనటం వేరు. నీళ్ళు బాగా త్రాగితే ఒక్క పూటలో అది సర్దుకుంటుంది. మంట నిలిచిపోయి, మూత్రం మసకబారి, దుర్వాసన వేస్తుంటే మాత్రం అది సూక్ష్మక్రిముల పని. మన ప్రేవులలో ఉండే ‘ఇ. కోలై’ అనే క్రిమి మూత్రమార్గంలో జొరబడటమే చాలామందిలో కారణం. పురుషులలో ఈ మార్గం సుమారు 20 సెంటీమీటర్లు. స్త్రీలలో 4 సెంటీమీటర్లే. అందుచేతనే ఆడవారికి ఈ బెడద ఎక్కువ. అనుకూలమైన చోట ఈ క్రిమి ఇరవై నిమిషాలకొకసారి రెట్టింపవుతుంది. మూత్రం గంటల తరబడి బిగబట్టుకుంటే దానికి మనమే విడిది ఇచ్చినట్లు!

ఇక ఇంటివైద్యం సంగతి. అన్నిటిలోకీ గట్టిది, ఖర్చులేనిది మంచినీళ్ళు. 2018లో వెలువడిన ఒక పరిశోధనలో, ఈ బాధ తరచు వచ్చే, నీళ్ళు తక్కువ త్రాగే 140 మంది స్త్రీలను ఏడాదిపాటు గమనించారు. సగంమంది రోజూ త్రాగే దానికి తోడు మరో లీటరున్నర నీళ్ళు త్రాగారు. త్రాగనివారికి ఏడాదిలో సగటున 3.2 సార్లు వచ్చిన బాధ, త్రాగినవారికి 1.7 సార్లే వచ్చింది. లీటరున్నర అంటే పావు లీటరు పట్టే గ్లాసుతో ఆరు గ్లాసులు. గుండెజబ్బు, మూత్రపిండాల జబ్బు ఉండి డాక్టరుగారు నీళ్ళు తగ్గించమన్నవారు మాత్రం ఈ పని చెయ్యకూడదు.

బార్లీనీళ్ళు, ధనియాల నీళ్ళు, పలుచని మజ్జిగ, సబ్జాగింజల పానకం ఇవన్నీ మంచివే. మూత్రం ధారాళంగా సాగటానికి, నోటికి హితవుగా ఉండటానికి ఇవి పనికివస్తాయి. లీటరు నీళ్ళలో రెండు పెద్ద చెంచాల బార్లీ వేసి, గింజ మెత్తబడేదాకా కాచి, వడగట్టి, చల్లార్చి, రోజంతా కొంచెం కొంచెంగా త్రాగవచ్చు. వేన్నీళ్ళ కాపడం పొత్తికడుపు నొప్పికి హాయి. కాని వీటిలో ఏదీ పెరిగిపోయిన క్రిమిని చంపే మందు కాదు. కొందరిలో శరీరమే పోరాడి గెలుస్తుంది. ఆ గెలుపే ధనియాల ఖాతాలో పడుతుంది.

కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ. మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి అవి పనికిరావు. మంటకని సోడాఉప్పు కలుపుకొని త్రాగటం రక్తపోటు ఉన్నవారికి మంచిది కాదు. పల్లేరుకాయల కషాయం ఆయుర్వేదంలో పేరున్నదే అయినా, ఇతర మందులు వాడుతున్నవారు వైద్యుణ్ణి అడగకుండా పుచ్చుకోరాదు. ఈ మధ్య అంతా చెప్పుకునే క్రాన్‌బెర్రీ మాట కూడా వినండి. అది తరచు వచ్చే స్త్రీలకు, పిల్లలకు మళ్ళీ రాకుండా కొంత సాయపడుతుందని 2023లో అనేక పరిశోధనలను కలిపి చూచినవారు తేల్చారు. వచ్చిన జబ్బును అది నయం చెయ్యదు. మన వాక్కాయను కొందరు ఆ పేరుతో పిలుస్తారు గాని, ఆ చెట్టు వేరు, ఈ చెట్టు వేరు. వాక్కాయ పప్పు రుచికి తినండి, మందుకని కాదు.

ఇతరత్రా ఆరోగ్యంగా ఉన్న స్త్రీ, జ్వరం లేకపోతే, ఒకటి రెండు రోజులు నీళ్ళతో, బార్లీతో చూడవచ్చు. అప్పటికీ తగ్గకపోతే డాక్టరు దగ్గరకు వెళ్ళవలసిందే. కొందరి విషయంలో ఆ రెండు రోజులు కూడా ఆగరాదు. చలితో జ్వరం, నడుముకు పైన ఒక ప్రక్క నొప్పి, వాంతులు ఉంటే క్రిమి మూత్రపిండాలకు ఎక్కిందన్నమాట. మూత్రంలో రక్తం కనిపించినా, గర్భిణీ అయినా, మధుమేహం ఉన్నా, మగవారైనా, పసిపిల్లలైనా ఆ పూటే వెళ్ళాలి. గర్భిణులలో మంట లేకుండానే క్రిములు దాగి ఉండవచ్చు. విడిచిపెడితే నెలలు నిండకుండా కాన్పు అయ్యే ప్రమాదం ఉంది. అందుచేత తొలి నెలల్లోనే మూత్రపరీక్ష చేయించటం మరువరాదు.

పిల్లల సంగతి మరీ జాగ్రత్త. పసివాడు మంట అని చెప్పలేడు. జలుబు, దగ్గు లేకుండా జ్వరం కాస్తుంటే మూత్రపరీక్ష చేయించాలి. పక్క తడపటం మానేసిన పిల్ల మళ్ళీ తడుపుతుంటే కేకలెయ్యకండి, కారణం వెతకండి. కొందరి పిల్లల్లో మూత్రం వెనక్కి, పైకి ఎగదన్నుతుంది. వారికి ఈ బాధ మళ్ళీ మళ్ళీ వస్తే మూత్రపిండాలపై మచ్చలు పడతాయి. ఆ మచ్చలు మాసేవి కావు. బడిలో మరుగుదొడ్డి బాగుండదని ప్రొద్దుటినుంచి సాయంకాలందాకా బిగబట్టుకునే ఆడపిల్లలు ఎందరో! ఇంటికి రాగానే ఒకమారు అడగండి. మలబద్ధకం కూడా ఈ బాధకు దారితీస్తుంది. ఆకుకూరలు, పండ్లు పెట్టండి. కడుక్కునేటప్పుడు ముందునుంచి వెనక్కి కడుక్కోవటం చిన్నప్పుడే నేర్పండి.

పెద్దవారికి మరో మాట. దాంపత్యానంతరం మూత్రవిసర్జన చెయ్యటం మంచి అలవాటు. ఇందులో సిగ్గుపడవలసినది లేదు. ముట్లుడిగిన స్త్రీలకు తరచు వస్తుంటే, అది వయసు తెచ్చిన మార్పు కావచ్చు. డాక్టరు వ్రాసి ఇచ్చే పైపూత మందుతో చాలామందికి ఇది తగ్గుముఖం పడుతుంది. అత్తగారు చెప్పుకోలేక ఓర్చుకుంటుంటే కోడలే అడిగి తీసుకువెళ్ళాలి.

క్రిందటిసారి మిగిలిన బిళ్ళలు గాని, వదినగారికి పనిచేసిన బిళ్ళలు గాని మింగకండి. ఏ క్రిమికి ఏ మందు తగునో పరీక్ష చెబుతుంది. మందు మొదలుపెట్టక ముందే, మొదటి ధార వదలి, మధ్యధారను శుభ్రమైన సీసాలో పట్టి ఇవ్వాలి. మంట తగ్గిందని మందు మధ్యలో మానకండి. చావగా మిగిలిన క్రిములు మరింత మొండికెత్తుతాయి.

పాలలెక్క వ్రాసుకునే కాలెండరు మీద, బాధ వచ్చిన తేదీ కూడా ఒక మూల గుర్తుపెట్టుకోండి. ఆరు నెలల్లో రెండుసార్లు గాని, ఏడాదిలో మూడుసార్లు గాని గుర్తు పడితే అది ఉత్త వేడి కాదు. ఆ కాలెండరు కాగితం చించి తీసుకుని మరీ డాక్టరుగారి దగ్గరకు వెళ్ళండి. బార్లీ జావ వచ్చాక కాచుకోవచ్చు.