పువ్వు పైన, కాయ లోపల

గుత్తి దగ్గరి పల్లె నుంచి,
మన సంఘపు బిడ్డలకు,

అనంతపురంలో చదువుకుంటున్నవాళ్లకు, పెనుకొండ వైపు ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేస్తున్నవాళ్లకు, బెంగళూరులో నలుగురు కలిసి ఒక గదిలో సర్దుకుంటున్నవాళ్లకు, ఊళ్లోనే ఉండి అమ్మానాయనల చేను చూసుకుంటున్నవాళ్లకు, అందరికీ కలిపి ఈ ఒక్క ఉత్తరం. నాకు డెబ్బై దాటాయి. మీలో చాలామందికి ఆదివారపు బడిలో కథలు చెప్పినవాణ్ణి. ఆ చనువుతోనే రాస్తున్నాను.

పోయిన నెల మీలో ఒకడు ఫోన్ చేశాడు. "తాతా, ఆదివారం కూడా డ్యూటీ పడుతోంది. చర్చికి పోక రెండు నెలలైంది. ప్రార్థన కూడా తగ్గిపోయింది. నేను విశ్వాసం పోగొట్టుకున్నట్టేనా?" అని అడిగాడు. గొంతులో ఏడుపు ఉంది. అప్పుడు ఏదో ధైర్యం చెప్పాను గాని, అది జవాబు కాదని నాకు తెలుసు. జవాబు తర్వాత చేలో తట్టింది.

శెనక్కాయ చెట్టు మీకు కొత్తది కాదు. అయినా ఒక్కసారి వంగి చూడండి. దాని పసుపు పువ్వు తెల్లారి పూసి, ఎండెక్కేసరికి వాడిపోతుంది. పూసిన చోట కాయ కాయదు. పువ్వు వాడినాక ఆ మొదట్లోంచి సన్నటి ఊడ ఒకటి నేలవైపు వంగుతుంది. మట్టిలోకి దిగి, ఆ చీకట్లో కాయగా ఊరుతుంది. ఊడలు దిగే రోజుల్లో చినుకు పడకపోతే నేల గట్టిపడి ఊడ దిగదు. చెట్టు పైకి పచ్చగానే కనిపిస్తుంది. పీకితే తెలుస్తుంది, కింద ఏమీ లేదని.

విశ్వాసం కూడా ఇలాంటిదే. ఆదివారం పాట, క్రిస్మస్ నక్షత్రం, వాట్సాప్ స్టేటస్‌లో పెట్టే వాక్యం, ఇవన్నీ పువ్వులు. పువ్వు లేనిదే కాయ లేదు, అందుకని వాటిని చిన్నచూపు చూడను. కాని కాయ ఊరేది మిగతా ఆరు రోజుల్లో, ఎవరూ చూడని చోట. సూపర్‌వైజర్ పక్కన లేనప్పుడు చేసే పనిలో. గదిలో ఒంటరిగా ఉన్నప్పుడు ఫోన్ మీద వేలు పోయే దారిలో. పందెం యాప్‌లో జీతం పోగొట్టుకున్న స్నేహితుడు అప్పు అడిగినప్పుడు, వాడికి డబ్బు ఇవ్వడమా, వాడి పక్కన కూర్చుని ఆ యాప్ తీసేయించడమా అన్న నిర్ణయంలో.

మన ముందువాళ్లు ఈ నేల మీదే నమ్మకం నిలుపుకున్నారు. నైరుతి మేఘం పడమటి కనుమల దగ్గరే సగం ఖాళీ అవుతుంది. ఈశాన్య మేఘం తీరం నుంచి ఇంత దూరం వచ్చేసరికి చిక్కిపోతుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే అదే మనకు మంచి వాన. 1876-78 నాటి ధాత కరువు ఊళ్లకు ఊళ్లనే తుడిచేసింది. అది దాటిన కొన్నేళ్లకే, 1881లో, లండన్ మిషన్‌వాళ్లు గుత్తిలో కేంద్రం పెట్టారు. ఆ సంఘాలే 1947లో దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ)లో కలిశాయి. 1952లో మళ్లీ కరువు. గంజి కేంద్రం ముందు చెంబు పట్టుకుని వరసలో నిలబడిన సంగతి నాయన చెప్పేవాడు. ఆ సాయంత్రమే మందిరంలో స్తోత్రం చెప్పేవాళ్లట.

నమ్మితే వాన పడుతుందని వాళ్లకెవరూ మాటివ్వలేదు. ఇప్పుడు యూట్యూబ్‌లో కొందరు, కానుక పంపితే వీసా వస్తుంది, ఇల్లు వస్తుంది అంటున్నారు. బిడ్డలారా, ఏలీయాను తలుచుకోండి. దేవుడు పొమ్మన్న చోటికే పోయి కూర్చున్నాడు. అయినా ఆయన పక్కనే కెరీతు వాగు ఎండిపోయింది. వాగు ఎండింది గాని దేవుడు ఆయన్ని వదల్లేదు.

నా కళ్లతో చూసిన సంగతి ఒకటి. 1969లో, నేను పిల్లవాడిగా ఉన్నప్పుడు, విసెంతే ఫెర్రర్ అనే స్పెయిన్ దేశస్థుడు అనంతపురం వచ్చాడు. అంతకు ముందు మహారాష్ట్రలోని మన్మాడ్‌లో రైతుల చేత బావులు తవ్వించి, అక్కడి నుంచి వెళ్లగొట్టబడినవాడు. ఇక్కడ ఆర్డీటీ అనే సంస్థ మొదలుపెట్టి, ఇళ్లు, బడులు, బత్తలపల్లి ఆసుపత్రి నిలబెట్టాడు. 2009లో పోయేదాకా, నలభై ఏళ్లు, ఈ కరువు నేలను వదల్లేదు. బత్తలపల్లిలోనే మట్టిలో కలిశాడు. ఊడ దిగడమంటే ఏమిటో నాకు చూపించిన మనిషి.

ఒక మాట, నొప్పించినా చెప్పాలి. సంస్కారపు బల్ల దగ్గర ఒక్క గిన్నెలోంచి తాగినవాళ్లం, పెళ్లి మాటల దగ్గరికి వచ్చేసరికి "మనోళ్లేనా?" అని అడుగుతున్నాం. కట్నమూ తీసుకుంటున్నాం. మా తరం చేసిన తప్పు ఇది. నేనూ నోరు మెదపలేదు. మీరు మెదపండి.

ఇక ఫోన్ చేసిన ఆ పిల్లవాడికి జవాబు. మా అమ్మ పొయ్యి పక్కన ఒక ముంత ఉండేది. ఎసరు పెట్టిన ప్రతిసారీ, వండబోయే కొర్రల్లోంచి పిడికెడు తీసి అందులో వేసేది. ఆదివారం ఆ ముంత చర్చికి పోయేది. మిగిలితే వేద్దామనుకుంటే కరువు ఇంట్లో ఏనాడూ మిగలదు, అందుకే ముందే తీసేది. నాయనా, నీ రోజులోంచి కూడా అలాగే ముందే పిడికెడు తియ్యి. కంపెనీ బస్సు ఎక్కగానే, ఫోన్ తెరవకముందే, ఐదు నిమిషాలు కళ్లు మూసుకో. ఆదివారం దొరకని వారంలో నీ షిఫ్టులోనే ఉన్న ఇద్దరు విశ్వాసులతో క్యాంటీన్‌లో కూర్చుని ప్రార్థన చేసుకో. నువ్వు పోగొట్టుకోలేదు. పోగొట్టుకున్నవాడు ఫోన్ చేసి ఏడవడు.

నా చిన్నప్పుడు వాన లేని ఒక ఏడు, కోతకాలపు పండుగకు ఎవరి దగ్గరా ఏమీ లేదు. ఒక అవ్వ ఒక్క శెనక్కాయ చెట్టు పీక్కొచ్చింది. దానికి రెండే కాయలు. అయ్యగారు దాన్ని బల్ల మధ్యలో పెట్టారు. కానుకల వేలంలో దాన్ని పాడుకున్న మనిషి డబ్బు కట్టి, ఆ రెండు కాయలూ అవ్వ చేతిలోనే పెట్టాడు, "విత్తనానికి దాచుకో అవ్వా" అని.

ఈసారి కోతకాలపు పండుగకు మీరందరూ రండి. ఉన్నదే తెండి, రెండు కాయలైనా సరే.

మీ తాత,
సంఘపెద్ద