సరుకు కంపెనీది, మరి అమ్మే మనిషి ఎవరి మనిషి?

కంపెనీల సేల్స్ అధికారులకు, ఏజెన్సీ యజమానులకు, కిరాణా వ్యాపారులకు, లైన్ సేల్స్‌మన్‌లకు విజ్ఞప్తి

కిరాణా కొట్లోకి సబ్బులు, టీ పొడి, బిస్కెట్లు, టూత్‌పేస్టులు వాటంతట అవి రావు. వారానికోసారి, చెప్పిన రోజుకి, ఒక మనిషి వస్తాడు. భుజాన బ్యాగు, చేతిలో ఆర్డర్లు ఎక్కించే ఫోను, చొక్కా జేబు మీద కంపెనీ గుర్తు. కొట్టతను అతన్ని పిలిచేది కూడా కంపెనీ పేరుతోనే. ఆ కంపెనీ జీతాల పట్టీలో మాత్రం అతని పేరు ఉండదు. జీతం ఇచ్చేది ఊళ్లోని ఏజెన్సీ. చాలా చోట్ల ఆ ఏజెన్సీ కూడా అతన్ని పనిలో పెట్టుకున్నట్టు ఒక్క కాగితం ముక్క ఇవ్వదు.

ఈ పనిని ఇష్టపడి చేసేవాళ్లు ఎందరో ఉన్నారు. డిగ్రీ పాసై ఊళ్లోనే ఉండాలనుకునే కుర్రాడికి ఇది త్వరగా దొరికే ఉద్యోగం. కూర్చోబెట్టే పని కాదు, నాలుగు వీధులు తిరిగే పని. పేరున్న సరుకు కాబట్టి కొట్టతను మొహం తిప్పుకోడు. రెండేళ్లు లైన్ తిరిగినవాడికి ఏ వీధిలో ఏ ప్యాకెట్ ఆడుతుందో, ఎవరు మాట మీద నిలబడతారో, ఎవరికి అప్పు ఇస్తే చిక్కో తెలిసిపోతుంది. ఆ అనుభవంతో కంపెనీ ఆఫీసరు అయినవాళ్లూ, సొంత ఏజెన్సీ పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. కంపెనీలకూ ఈ చదువు విలువ తెలుసు. హిందుస్థాన్ యూనిలీవర్‌లో చేరే మేనేజ్‌మెంట్ ట్రైనీలు శిక్షణలో భాగంగా కొన్ని వారాలు పల్లెల్లో ఉండి రావడం ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. పల్లె మహిళల చేత ఇంటింటికీ సరుకు అమ్మించే ఆ సంస్థ ‘శక్తి’ పథకానికి తొలి అడుగు పడింది కూడా మన నల్లగొండ జిల్లాలోనే.

ఇంత మంచి పని జనం వదిలేసి ఎందుకు పోతున్నారు? నెలాఖరున ఏ ఏజెన్సీ గోడౌన్ దగ్గరైనా ఒక గంట నిలబడితే అర్థమవుతుంది.

25వ తేదీ దాటాక అక్కడ వినపడే మాట ఒక్కటే, క్లోజింగ్. కంపెనీ ఏజెన్సీకి వేసే బిల్లు ఒకటి, ఏజెన్సీ కొట్లకు వేసే బిల్లు మరొకటి. మొదటిది పెరిగితే ఆఫీసరు టార్గెట్ పూర్తవుతుంది. అలా దించుకున్న కేసుల్ని కొట్లకు ఎక్కించే భారం లైన్ సేల్స్‌మన్ మీద పడుతుంది. ‘అన్నా, రెండు కేసులు దించనా? కదలకపోతే నేనే తీసుకుపోతా’ అని బతిమాలతాడు. ‘పోయిన నెల బిస్కెట్లే ఇంకా ఉన్నయ్ తమ్ముడూ’ అంటూనే మొహమాటానికి కొట్టతను ఒక కేసు దించుకుంటాడు. మూడు నెలలకు ఆ ప్యాకెట్ల మీద తేదీ దగ్గర పడుతుంది. కంపెనీ వాపసు తీసుకునే గడువు అప్పటికే దాటి ఉంటే, తీసుకుపోతానని మాట ఇచ్చిన మనిషి తన జీతంలోంచి కట్టుకుంటాడు. వసూలు కాని బకాయిలదీ అదే తీరు. కొట్టు మూసి వెళ్లిపోయిన వ్యాపారి అప్పును సేల్స్‌మన్ ఇన్సెంటివ్‌లో కోసుకునే ఏజెన్సీలు ఉన్నాయి. ఇది జీతగాడి నెత్తిన వ్యాపార నష్టాన్ని పెట్టడమే. దీనికి ఇంకో పేరు లేదు.

అమ్మకం పడిపోవడంలో అతని తప్పు ఎంత? 2015 జూన్‌లో మ్యాగీ నూడుల్స్‌ను దేశమంతటా వెనక్కి తీసుకోమన్నప్పుడు, నెలల తరబడి అమ్మడానికే ఆ సరుకు లేదు. 2025 సెప్టెంబరు 3న జీఎస్టీ కౌన్సిల్ స్నానం సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్టులు, బిస్కెట్ల మీద పన్నును 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గిస్తున్నట్టు చెప్పింది. కొత్త రేట్లు 22 నుంచి. మధ్యలో దాదాపు మూడు వారాలు పాత ధర సరుకు కొనడానికి కొట్లు వెనకాడాయి. ధర తగ్గుతుందని తెలిసి ఎవరు మాత్రం నిల్వ పెట్టుకుంటారు? అలాంటి నెలలో ఇన్సెంటివ్ పోగొట్టుకునేది ఎండలో తిరిగిన మనిషే.

చట్టం ఉంది, కానీ అతని దాకా రాదు. మందుల కంపెనీల ప్రతినిధుల కోసం 1976లో వచ్చిన సేల్స్ ప్రమోషన్ ఎంప్లాయీస్ చట్టాన్ని కేంద్రం 2011లో సబ్బులు, బిస్కెట్లు, కూల్‌డ్రింకులతో సహా మరో పది పరిశ్రమలకు విస్తరించింది. నియామక పత్రం ఇవ్వాలని, పనిచేసిన కాలంలో పదకొండో వంతుకు తగ్గకుండా పూర్తి జీతంతో సెలవు ఇవ్వాలని అందులో ఉంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లలో ఆ చట్టం కలిసిపోయింది. అయితే ఈఎస్ఐకి పదిమంది, పీఎఫ్‌కు ఇరవైమంది ఉద్యోగులు ఉండాలి. మన పట్టణాల్లో ఆరుగురితో, ఎనిమిదిమందితో నడిచే ఏజెన్సీలు కోకొల్లలు. లెక్క అక్కడే తప్పిపోతోంది.

అందుకే మా డిమాండ్ ముందుగా కంపెనీలకు. గోడౌన్ ఎంత ఉండాలో, ఏ సాఫ్ట్‌వేర్‌లో బిల్లు కొట్టాలో, ఏ లైన్‌కు ఎంతమంది సేల్స్‌మన్‌లు కావాలో ఏజెన్సీకి చెప్పేది మీరే. చాలాచోట్ల వాళ్ల జీతంలో కొంత గానీ, మొత్తం గానీ ఏజెన్సీకి తిరిగి ఇచ్చేదీ మీరే. అదే ఒప్పందంలో ఇంకో షరతు రాయండి: నియామక పత్రం, బ్యాంకు ఖాతాలో జీతం, ఈఎస్ఐ, పీఎఫ్ లేనిదే ఏజెన్సీ లేదు. ఉద్యోగుల సంఖ్య తక్కువైనా యజమాని, మెజారిటీ ఉద్యోగులు ఒప్పుకుంటే స్వచ్ఛందంగా చేరే వీలు చట్టంలో ఉంది. 15 వేల జీతం మీద ఈఎస్ఐకి యజమాని వాటా నెలకు 487 రూపాయల 50 పైసలు, ఉద్యోగి వాటా 112 రూపాయల 50 పైసలు. రోజంతా బండి మీద తిరిగే మనిషికి డ్యూటీలో ప్రమాదం జరిగి మంచాన పడితే, ఆ కొద్ది డబ్బే అతనికి వైద్యంతో పాటు జీతంలో 90 శాతం ఇప్పిస్తుంది. సన్న మార్జిన్ మీద నడిచే ఏజెన్సీ నెత్తిన ఈ ఖర్చు మొత్తం రుద్దడం న్యాయం కాదు. జీతంలాగే దీన్నీ కంపెనీయే భరించాలి.

టార్గెట్ కూడా కొట్ల నుంచి వచ్చిన నిజమైన అమ్మకం మీద, వారాలకు పంచి కట్టాలి. తేదీ మీరిన సరుకు, మునిగిన బకాయి జీతంలోంచి కోయకూడదని రాతలో ఉండాలి. ఏజెన్సీ యజమానులకూ ఇందులో లాభమే ఉంది. మనిషి మారినప్పుడల్లా లైన్ చెడుతుందని, కొత్తవాడికి బకాయిల జాడ తెలియదని వాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు.

కిరాణా వ్యాపారులు క్లోజింగ్ రోజున అక్కర్లేని కేసును మొహమాటపడకుండా వద్దనాలి. వద్దంటే సేల్స్‌మన్‌కు కోపం వస్తుందనుకోకండి, అతన్ని కాపాడినవారవుతారు. కార్మిక శాఖ అధికారులు ఒక్కరోజు గోడౌన్లకు వెళ్లి హాజరు, జీతాల రిజిస్టర్లు చూడాలి.

సేల్స్‌మన్ మిత్రులు ఈ నెల జీతం అందుకునే రోజున నియామక పత్రం, జీతం చీటీ ఇమ్మని రాతపూర్వకంగా అడగాలి. ఒక్కొక్కరుగా వద్దు, ఏజెన్సీలో ఉన్నవాళ్లంతా ఒకే కాగితం మీద సంతకాలు పెట్టి అడగండి. దాని నకలు కంపెనీ ఏరియా ఆఫీసుకూ, సహాయ కార్మిక అధికారికీ పంపండి.