సుంకం చివరికి ఎవరి నెత్తిన?

2025 ఆగస్టు 6న వైట్‌హౌస్‌లో రెండు పనులు జరిగాయి. రష్యా చమురు కొంటున్నామన్న కారణంతో మన సరుకుల మీద మరో 25 శాతం సుంకం వేస్తూ ట్రంప్ సంతకం చేశారు. అదే రోజు యాపిల్ అధిపతి టిమ్ కుక్ ఆయన్ను కలిసి, అమెరికాలో ఇంకో 10,000 కోట్ల డాలర్లు పెట్టుబడి పెడతామని ప్రకటించారు. 24 క్యారెట్ల బంగారు పీఠం మీద నిలబెట్టిన గాజు ఫలకాన్ని బహూకరించారు. ఆ నెల 27 నుంచి మన రొయ్యల మీద సుంకం 50 శాతానికి చేరింది. ఎప్పటినుంచో ఉన్న యాంటీ డంపింగ్ సుంకం దానికి అదనం. శ్రీపెరుంబుదూరులో తయారైన ఐఫోన్‌కు మాత్రం ఈ దెబ్బ తగల్లేదు. స్మార్ట్‌ఫోన్లకు ఏప్రిల్‌లోనే మినహాయింపు దక్కింది.

అగ్రదేశాలు సుంకాలతో తలపడుతుంటే బహుళజాతి సంస్థలు ఎలా నెగ్గుకొస్తున్నాయో వ్యాపార పేజీల్లో తెగ రాస్తున్నారు. తయారీ ఇంకో దేశానికి మార్చడం, సరుకు ముందే దించుకోవడం, ప్రభుత్వాల దగ్గర మాట చెల్లించుకోవడం వాళ్ళకు బాగా తెలుసు. ఆ నేర్పును తక్కువ చేయను. కానీ దానివల్ల భారం మాయమైపోదు. చేతులు మారి మారి, ఎక్కడికీ కదలలేని మనిషి దగ్గర ఆగుతుంది.

ఆ నేర్పు చెన్నై విమానాశ్రయంలో కళ్ళకు కట్టింది. సుంకాలు రాబోతున్నాయని పసిగట్టిన యాపిల్, 2025 మార్చి నుంచి సరుకు విమానాలు మాట్లాడుకుని దాదాపు 600 టన్నుల ఐఫోన్లను అమెరికాకు తరలించిందని రాయిటర్స్ రాసింది. పదిహేను లక్షల ఫోన్ల దాకా ఉండొచ్చట. కస్టమ్స్ అనుమతికి పట్టే 30 గంటలు 6 గంటలకు తగ్గాయి. ఫాక్స్‌కాన్ కర్మాగారంలో ఆదివారాలు కూడా పని నడిచింది. ఏప్రిల్ రెండో వారానికి చైనా సరుకుల మీద అమెరికా సుంకం 145 శాతానికి ఎగబాకింది. ఆ త్రైమాసికంలో అమెరికాలో అమ్మే ఐఫోన్లలో ఎక్కువ భాగం భారత్‌లో తయారైనవే ఉంటాయని మే మొదట్లో కుక్ చెప్పారు. ఏప్రిల్ నుంచి జూన్ వరకు సుంకాల వల్ల యాపిల్ మీద పడిన భారం 80 కోట్ల డాలర్లు. అదే మూడు నెలల్లో ఆ సంస్థ నికర లాభం 2,300 కోట్ల డాలర్ల పైమాటే. అంత దెబ్బనైనా సొంత లాభంలోంచి సర్దుకోగలదు.

అలాగని వాళ్ళకు అన్నీ సాఫీగా ఏమీ సాగలేదు. 2025 ఏప్రిల్ 4న చైనా ఏడు అరుదైన లోహాల ఎగుమతికి లైసెన్సు తప్పనిసరి చేసింది. మోటార్లలో, స్పీకర్లలో వాడే శక్తిమంతమైన అయస్కాంతాలకు వాటిలో కొన్ని తప్పనిసరి. మేలో షికాగోలోని ఫోర్డ్ కర్మాగారం వారం పాటు ఆగింది. రంగారెడ్డి జిల్లా కొంగరకలాన్‌లో ఎయిర్‌పాడ్స్ తయారుచేసే ఫాక్స్‌కాన్ ప్లాంటుకూ ఆ లోహాల్లో ఒకటైన డిస్ప్రోసియం కొరత తగిలిందని వార్తలొచ్చాయి. ఇంచుమించు అప్పుడే భారత్‌లోని ఫాక్స్‌కాన్ ప్లాంట్ల నుంచి మూడు వందల మందికి పైగా చైనా ఇంజనీర్లు వెనక్కి వెళ్ళిపోయారు. కర్మాగారాన్ని తెచ్చుకోగలిగాం గానీ, అయస్కాంతం, యంత్రాలను దారిలో పెట్టే పనితనం ఇంకా చైనా నుంచే రావాల్సి వస్తోంది.

ఇక రొయ్యల చెరువుల భీమవరం సంగతి. మన దేశం మీద 26 శాతం సుంకమని 2025 ఏప్రిల్ 2న ట్రంప్ ప్రకటించారు. వారం తిరిగేసరికి దాన్ని 90 రోజులు వాయిదా వేసి, 10 శాతంతో సరిపెట్టారు. గోదావరి జిల్లాల్లో రొయ్యల ధర మాత్రం అమలు తేదీ దాకా ఆగలేదు. ప్రకటన వెలువడిన రోజుల్లోనే కొనుగోలుదారులు కోత పెట్టేశారు. అమెరికాకు ఎక్కువగా వెళ్ళేది కిలోకు 30, 40 తూగే పెద్ద రొయ్య. కిలోకు వంద తూగే 100 కౌంట్ రొయ్యకు అమెరికా మార్కెట్‌తో అంత సంబంధం లేదు. మరి దాని ధర ఎందుకు తగ్గించారని రైతులు నిలదీశారు. ఇంత సూటి ప్రశ్నకు ఇంకా సూటి జవాబు రావాల్సే ఉంది.

ధర నచ్చకపోతే రైతు ఆగొచ్చు కదా అనేవాళ్ళు చెరువు గట్టు మీద ఒక రాత్రి గడపాలి. వనామీ రొయ్య సీడ్ వదిలిన మూడు నాలుగు నెలలకు పట్టుబడికి వస్తుంది. ఆ దశలో ఒక్క వారం ఆపాలన్నా రోజూ మేత వేయాలి, రాత్రంతా ఏరేటర్లు తిరగాలి, కరెంటు పోతే డీజిల్ పోయాలి. ఈలోగా తెల్లమచ్చ తెగులు తగిలిందా, పెట్టుబడి మొత్తం నీళ్ళపాలు. మేత అరువు తెచ్చినవాడు, చెరువు లీజుకు పట్టినవాడు ఏజెంటు చెప్పిన ధరకే వల దించాల్సి వస్తుంది. సరుకును విమానంలో ముందే దాటించే వీలు అతనికి లేదు, మినహాయింపు అడగడానికి వైట్‌హౌస్‌లో అడుగుపెట్టే దారీ లేదు.

అమెరికా సూపర్‌మార్కెట్లకు ఈ ఇబ్బంది లేకపోయింది. ఈక్వడార్ రొయ్య మీద అప్పట్లో సుంకం 15 శాతమే కాబట్టి ఆర్డరు అటు మళ్ళించుకునే వీలుండేది. మన ఎగుమతిదారులూ నష్టపోయారు, కాదనను. సగం ఆర్డర్లు రద్దయ్యాయనీ, నష్టం 25,000 కోట్ల రూపాయలు ఉంటుందనీ 2025 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు కేంద్రానికి రాశారు. మొత్తం ఎంతో చెబితే సరిపోదు. అందులో ప్లాంటు యజమాని మోసింది ఎంత, చెరువు రైతు మోసింది ఎంత, రొయ్య తల తీసి పొట్టు ఒలిచే ఆడవాళ్ళు పోగొట్టుకున్న కూలి ఎంత అన్నది తేలాలి. సాయం ఎవరికి అందాలో అప్పుడే తెలుస్తుంది.

యూరప్ అదే నెలలో మన దేశంలోని మరో 102 సముద్రోత్పత్తుల యూనిట్లకు అనుమతి ఇచ్చింది. సంతోషం. కొనే దేశాలు పెరగాల్సిందే. అయితే రైతుకూ ప్లాంటుకూ మధ్య బేరం ఇలాగే ఉంటే, ఎన్ని దేశాలు కొన్నా తర్వాతి దెబ్బ కూడా అతని మీదే పడుతుంది. ఇక కర్మాగారాల వైపు చూస్తే, ఎలక్ట్రానిక్స్ విడిభాగాల తయారీకి కేంద్రం 2025లో 22,919 కోట్ల రూపాయల పథకం పెట్టింది. ఆ సొమ్ము తీసుకునే సంస్థలు ఇక్కడి ఇంజనీర్లకు యంత్రాలను దారిలో పెట్టే ఆ పనితనం నేర్పాలని గట్టిగా షరతు పెట్టాలి. ఆక్వా రంగం కోసం ఆంధ్రప్రదేశ్‌లో 2020లోనే ప్రత్యేక సాధికార సంస్థకు చట్టం చేశారు. అది వారం వారం, కౌంట్ల వారీగా, ఎగుమతి ధరనూ చెరువు గట్టు ధరనూ పక్కపక్కన ప్రకటించాలి. సుంకం ప్రకటనకు ముందే విదేశీ ఆర్డరు ఖరారైన సరుకుకు పాత ధర తగ్గకూడదని నిబంధన తేవాలి. వచ్చే పంటకు సీడ్ వదిలేలోగా ఈ రెండూ కాగితం మీదకు రావాలి.